పొలిమేర దేవత: పేగను మతమనగా నేమి?

కొత్తూరను పేరుగల గ్రామములు తెలుగుదేశమున ననేకములు కలవు. హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు రాజమార్గమున, శంషాబాదు దాటిన పిదప వచ్చు కొత్తూరు వానిలో నొకటి. 2016వ సంవత్సరమున జరిగిన జిల్లాల పునర్విభజనమునకు పూర్వ మిది మహబూబునగరము జిల్లాలోనిది; ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోనిది. మార్గమున కిరుప్రక్కల కార్ఖానాలు, ఇండ్ల స్థలములని హద్దురాళ్లు పాతిన చేలు, నెత్తిపైని విమానములు. ఆషాఢ శ్రావణములలో నొక ఆదివారమునాడు ఈ ప్రాంతపు గ్రామములగుండ పోవు ప్రయాణికునకు వీని నడుమ మరియొక దృశ్యము కానవచ్చును. డప్పులు ముందు నడచును. వాని వెనుక స్త్రీలు పసుపుకుంకుమలతో నలంకరించిన కుండలను తలల నెత్తుకొని, వానిపై వేపమండలును వెలుగుచున్న దీపమును నిలిపి నడచుచుందురు. వారు పోవునది ఆగమశాస్త్ర ప్రకారము గట్టిన గోపురమునకు గాదు. ఊరి చివర వేపచెట్టు నీడను పసుపు పూసి నిలిపిన యొక రాతియొద్దకు.

కారులో కూర్చుండి యా త్రోవను పోవు విద్యావంతుడు దీనిని జూచి, "ఇదియేమి మతము?" అని యడుగవచ్చును. ఆంగ్ల గ్రంథములను జదివినవానికి సమాధానముగా నొక మాట సిద్ధముగా నున్నది. ఆ మాట పేగనిజము. ఈ మాటను మనవారు తెలిసి కొంతయు తెలియక కొంతయు వాడుచున్నారు. కావున దాని పుట్టుకను, అది సూచించు విశ్వాసములను, మన పల్లెలకు దానితో గల సంబంధమును విచారించుట యావశ్యకము.

లాటిను భాషలో పేగసు అనగా పల్లెసీమ. పేగానసు అనగా నా సీమలో నివసించువాడు, పల్లెటూరివాడు. సైనికుడు కాని సామాన్యుడను నర్థముకూడ దీనికి కలదనియు, మతార్థ మందుండియే వచ్చెననియు కొందరు పండితు లందురు. ఎట్లయినను క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమున రోము సామ్రాజ్యమందు క్రైస్తవము రాజమతమైన పిదప, పూర్వ దేవతలను విడువనివారి కీ పేరు నిలిచిపోయినది. థియొడోసియసు చక్రవర్తి 391, 392 సంవత్సరములలో బలులను, దేవాలయ పూజలను నిషేధించుచు శాసనములు చేసెను. కావున పేగనులను పేరు ఆ మతస్థులు తమకు తాము పెట్టుకొన్నది కాదు. వారిని గెలిచినవారు పెట్టినది. పల్లెవాడను మాటయే తప్పుడు మతస్థుడను నర్థమునకు దిగజారిన దన్నమాట. ఒక్క మాట చరిత్రలోనే యింత తిరస్కార మిమిడియున్నది!

ఇక నా విశ్వాసము లెట్టివి? గ్రీసు, రోము మొదలగు ప్రాచీనదేశముల మతములు పరస్పరము భిన్నములైనను, వానియందు సమానములగు లక్షణములు కొన్ని కలవు. దైవము బహురూపములతో నున్నదని వారు నమ్మిరి. ఆ దైవము లోకమునకు వెలుపల గాక చెట్టునందును, ఏటియందును, పొయ్యియందును, గడపయందును నివసించునని తలచిరి. వారికి ప్రవక్త లేడు. ఎల్లరు నంగీకరింపవలసిన గ్రంథ మొకటి లేదు. ఏమి నమ్ముచున్నావని యడుగుటకంటె, ఏమి చేయుచున్నావని వారి మతము ప్రధానముగా నడిగెను. కాలము ఋతుచక్రముగా తిరుగుచుండును. మనుష్యుడు దేవతకు నివేదించును, దేవత మనుష్యుని కాపాడును. ఈ యిచ్చిపుచ్చుకొనుటయే ధర్మము.

రోమునుండి కొన్ని యుదాహరణములు గైకొందము. టెర్మినసు అనువాడు రోమీయుల పొలిమేర దేవుడు. ఫిబ్రవరి 23వ తేదీన ఇరుగుపొరుగు రైతులు తమ చేల నడుమనున్న హద్దురాతియొద్ద కూడి, దానికి పూలదండలు వేసి, గొఱ్ఱెపిల్లనో పందిపిల్లనో బలియిచ్చి, కలిసి భుజించెడివారు. పైరునకు పట్టు తెగులును శాంతింపజేయుటకు ఏప్రిలు 25వ తేదీన వేరొక పండుగ యుండెడిది. జ్వరమునకు సయితము ఫెబ్రిసు అను నొక దేవత యుండెను. ఆమెకు రోము నగరమునందే గుడియుండెను. మన కళాశాలలలో యువకులు ఈ దేవతల పేళ్లను ప్రాచీన సంస్కృతిగా గౌరవపూర్వకముగా చదువుచున్నారు. ఆ యువకుని మేనత్త ఊరిలో పోచమ్మకు బోనమెత్తినచో మాత్ర మది మూఢవిశ్వాసమని సిగ్గుపడుచున్నాడు! హద్దురాతికి దండవేసిన రోమీయుడు నాగరికుడును, బొడ్రాయికి నీళ్లు పోసిన తెలుగు రైతు అనాగరికుడును నగుట యే తర్కముచే సిద్ధించెనో విజ్ఞులు చెప్పవలెను.

పాశ్చాత్యులలోనే యిప్పుడు కొందరు పోగొట్టుకొన్నదానికై వెదకుచున్నారు. ఇంగ్లండున మంత్రతంత్రములను గూర్చిన పాత చట్టము 1951లో రద్దయిన పిదప, జెరాల్డు గార్డినరు 1954లో ప్రకటించిన గ్రంథముతో విక్కా యను నూతన పేగను మార్గము వ్యాప్తిలోనికి వచ్చెను. ఐస్లాండు దేశమున పూర్వదేవతల నారాధించు సంఘమును 1973లో ప్రభుత్వము మతసంస్థగా గుర్తించెను. వారు తెగిపోయిన దారమును గ్రంథములనుండియు శిథిలములనుండియు ముడివేసికొనుచున్నారు. మన పల్లెలలో ఆ దార మింకను తెగలేదు. ఈ భేదమును మనము గ్రహింపవలెను.

కాని యొక హెచ్చరిక యవసరము. మన గ్రామదేవతారాధనమును పేగనిజమని పేరుపెట్టి, హిందూధర్మమునుండి వేరుచేసి చూపుట సత్యము కాదు. ఎల్లమ్మయే జమదగ్ని భార్యయైన రేణుక యని కథకులు చెప్పుదురు. సికిందరాబాదున ఊరిదేవత ఉజ్జయినీ మహంకాళి యను పేరు దాల్చినది. పురాణము పల్లెలోనికి వచ్చినది. పల్లె పురాణములోనికి పోయినది. ఇతర మతములతోగూడ నిట్లే. కొత్తూరు మండలములోని ఇన్ముల్‌నర్వయందలి జహంగీరు పీరు దర్గాకు ముస్లిములతో పాటు హిందువులును పెద్దసంఖ్యలో పోయి, మేకనో గొఱ్ఱెనో కోసి కందూరు చేసి, బంధుమిత్రులకు భోజనము పెట్టుదురు. మొక్కు తీర్చుకొనునపుడు మన పల్లెవాడు నీ మతమేమని దేవుని నడుగడు.

ఇక పల్లె మతమునకు గల కట్టుబాటు నారయుదము. ఊరు కొత్తదైనను పాతదైనను, దానికి నడుమ బొడ్రాయి యుండవలెను. దానినే నాభిశిల యందురు. ఊరునకు బొడ్డు ఉన్నదనగా, ఊరు ప్రాణముగల శరీరమన్నమాట. బొడ్రాయిని ప్రతిష్ఠించునపుడు ఆడబిడ్డలను అత్తవారిండ్లనుండి పిలిపింతురు. పొలిమేర కట్టుదురు, ఆ సమయమున వెలుపలివారు లోనికి రారాదు, లోనివారు వెలుపలికి పోరాదు. ఊరెల్ల నొక్క ఇల్లుగా మారును. శరీరమునకు బొడ్డు ఎట్లో చర్మ మట్లు పొలిమేర. ఆ పొలిమేరను కాచునది పొలిమేర మైసమ్మ. చెరువుకట్టను కాచునది కట్టమైసమ్మ. మశూచినుండి కాపాడునది పోచమ్మ. పొక్కులను ముత్యములని మన్నించి పిలుచుటచే నామెయే కొన్నియెడల ముత్యాలమ్మ. కోస్తా జిల్లాలలో పోలేరమ్మ, రాయలసీమలో గంగమ్మ, మారెమ్మ. వీరు ఏడుగురు అక్కచెల్లెండ్రనియు, వారికి పోతరాజు తమ్ముడనియు జనులు చెప్పుకొందురు.

ఈ పేళ్లను జూచినచో నొక విషయము స్పష్టమగును. ఊరు బ్రతుకుట కేవి యవసరములో — హద్దు, నీరు, ఆరోగ్యము, పంట — ఆ ప్రతిదానియొద్దను ఒక దేవత కావలి యున్నది. చెరువు తెగిన పంట లేదు. కావున కట్టపై నెవ్వరును నపచారము చేయరాదు. కట్టమైసమ్మ నిలిచినచోట కట్ట త్రవ్వుటకు మనుష్యుడు జంకును. చట్టము చదువనివానికి దేవతయే చట్టమై నిలిచినది.

బోనమనగా భోజనము. కొత్త కుండలో, లేదా తళతళలాడు ఇత్తడి బిందెలో పాలు బెల్లములతో వండిన అన్న ముంచి, స్త్రీ దానిని స్వయముగా మోసికొనిపోయి దేవతకు సమర్పించును, సాక పోయును, మిగిలినది ఇంటికి దెచ్చి ఎల్లరకు పంచును. ఇందులో మధ్యవర్తి లేడు. సంస్కృతమంత్రము లేదు. తల్లికి బిడ్డ అన్నము పెట్టుటయే పూజ. హైదరాబాదున ఆషాఢమాసమున గోలకొండకోటలోని జగదాంబతో బోనాలు మొదలై, సికిందరాబాదు మహంకాళికిని, పిదప లాల్ దర్వాజా సింహవాహినికిని జరుగును. 1813లో నగరమున మహామారి ప్రబలినపుడు, సైన్యముతో ఉజ్జయినికి పోయియున్న సురిటి అప్పయ్య యను డోలీమోతగాడు అచ్చటి మహాకాళికి మొక్కుకొని, తిరిగివచ్చి 1815లో కొయ్యవిగ్రహమును సికిందరాబాదున ప్రతిష్ఠించెనని చెప్పుదురు. రాజుగాని, పీఠాధిపతిగాని కాదు; ఒక డోలీమోతగాడు! నేడు ఆ గుడికి మంత్రులు పట్టువస్త్రములు గొనిపోవుచున్నారు. అచ్చట రంగమునాడు పచ్చికుండపై నిలిచిన యొక స్త్రీ వానలగూర్చియు, రోగములగూర్చియు భవిష్యము చెప్పుచుండగా పెద్దలు చేతులు జోడించి వినుచున్నారు. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన 2014వ సంవత్సరముననే బోనాలు రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడినవి.

ఇది నిన్న మొన్న పుట్టిన యాచారము కాదు. ఓరుగంటి వీథులను వర్ణించు క్రీడాభిరామమున ఏకవీరాదేవియు, మైలారుదేవుని భటుల సాహసములును కానవచ్చును. కాకతీయులకు పేరిచ్చిన కాకతి సయితము దేవతయే. సామ్రాజ్యములు గతించినవి, వాని శాసనములను పండితులు వెదకి చదువవలసివచ్చుచున్నది. వేపచెట్టు క్రింది రాతిని మాత్రము ఎవ్వరును వెదకి చూపనక్కరలేదు. ఊరిలో బిడ్డ నడిగినను త్రోవ చెప్పును.

1916లో దక్షిణదేశపు గ్రామదేవతలపై గ్రంథము ప్రకటించిన మదరాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్డు మూడు లక్షణములను ప్రత్యేకముగా గమనించెను: ఈ దేవతలు ప్రాయికముగా స్త్రీలు, వీరికి జంతుబలులు జరుగును, వీరి పూజారులు బ్రాహ్మణులు కారు. ఈ మూడవదానియం దొక గొప్ప సాంఘిక రహస్యము కలదు. దేవత గుడియొద్ద కుమ్మరికి, చాకలికి, మాదిగకు, బైండ్లవానికి తరతరముల హక్కులున్నవి. జమిడికను వాయించుచు బైండ్లవారు చెప్పు ఎల్లమ్మకథ యీ రహస్యమును విప్పిచెప్పును. తండ్రి యాజ్ఞచే పరశురాముడు తల్లి శిరస్సును ఖండించెను; మరల బ్రతికించు తొందరలో ఒక మాతంగ స్త్రీ తల రేణుక మొండెమునకు చేరెను. కావున ఊరు మ్రొక్కు దేవత శరీరమున ఊరివెలుపలి స్త్రీయు, ఊరిలోని స్త్రీయు నొక్కటియైరి. అంటరానితనము అధర్మమని మన నాయకులు వేదికలపై చెప్పుటకు ఎంతయో పూర్వము ఎల్లమ్మకథ దానిని చెప్పినది. ఏటేట ఆ కథ విన్న మన మా యర్థమును గ్రహించితిమా?

ప్రశంస యింతతో నాపి, దోషములనుగూడ చెప్పుట పత్రికా ధర్మము. దేవత పేర ఆడపిల్లలను జోగినులుగా విడిచి, వారిని ఊరిపెద్దల భోగమునకు బలిచేసిన దురాచారము పూర్వపు మహబూబునగరము జిల్లాలో విశేషముగా నుండెను. 1988వ సంవత్సరపు చట్ట మీ యాచారమును నిషేధించినది. ఇది దేవత యడిగినది కాదు. భూమిగలవారు దేవత చాటున నుండి యడిగినది. బాణామతి చేసినదని యొక ముసలిదానినో, ఒక పేదవానినో కొట్టి చంపుటయు నట్టి పాపమే. జంతుబలులను 1950వ సంవత్సరపు చట్టము నిషేధించినను, అవి యాగలేదని యెల్లరకు తెలిసినదే. ఊరిపండుగనాడు డప్పు కొట్టించుకొని, మరునాడు ఆ డప్పువానినే గడప యవతల నిలుపు కపటమును ఏ దేవతయు మెచ్చదు.

మశూచి విషయము చూడుడు. పోచమ్మ యింటికి వచ్చినదని తలచి టీకాను నిరాకరించినవారు పూర్వము కలరు; దానిచే ప్రాణనష్టము జరిగినది. టీకాయే గెలిచినది. 1975లో మనదేశపు చివరి స్థానిక మశూచి కేసు కనుగొనబడినది. 1980లో ప్రపంచమే యా వ్యాధినుండి ముక్తమైనదని ప్రకటించిరి. మశూచి పోయిన పిదప పోచమ్మయు పోవలెను గదా? ఆమె పోలేదు. 2020లో కరోనా మహమ్మారి వచ్చి ప్రభుత్వము గుంపులు కూడరాదన్నపుడు, హైదరాబాదు స్త్రీలు తమ యిండ్లలోనే బోనము వండి సమర్పించిరి. వారు వైద్యమును కాదనలేదు. ఊరేగింపు లేకుండ నిలిచిరి. దీనినిబట్టి తెలియున దేమి? దేవత వైద్యునికి పోటీ కాదు. భయము కలిగినపుడు ఒంటరిగా వణకక, ఊరెల్ల నొక్క తల్లి బిడ్డలుగా నిలుచుటకు మనుష్యులు కల్పించుకొన్న యాధార మామె. మందు శరీరమునకు; బోనము ధైర్యమునకు.

మరి నేడు ఈ మతమునకు వచ్చిన యాపద యేది? మతాంతర ప్రచారకుల నిందలు కాదు, నాస్తికుల పరిహాసములును కాదు. ఆపద భూమి విక్రయమునుండి వచ్చినది. శంషాబాదు విమానాశ్రయమునకై సుమారు 5,500 ఎకరముల భూమిని సేకరించిరి. 2008 మార్చిలో విమానములు దిగనారంభించినవి. దానివెంట బాటలు, కార్ఖానాలు, వేలకొలది స్థలములు. కొత్తూరువరకును, దాని కావలను ఎకరము ధర పూర్వ మెవ్వరు నూహింపనంత పెరిగినది. దేశమునకు విమానము వలదని యెవ్వరును చెప్పరు. రైతునకు మంచి ధర వచ్చిన నానందమే. కాని భూమితోపాటు మనము విక్రయించుచున్న దేదో లెక్కవేసితిమా?

చెరువు శిఖమును పూడ్చి స్థలములు చేసినచోట కట్ట లేదు. కట్టమైసమ్మ యొక్కతె మిగిలినది. రెండు గ్రామములు నగరములో గలిసిపోయినచోట పొలిమేర లేదు. పొలిమేర దేవత వాహనముల నడుమ నొక గుడిగా నిలిచినది. కొన్నియెడల స్థలములు కొన్నవారు భక్తితోనే యామెకు పాలరాతి మందిరము గట్టించి, గోపుర మెత్తి, ఊరేగింపు వైభవముగా చేయుచున్నారు. మంచిదే. కాని యా మందిరమునకు క్రొత్త యర్చకుడు వచ్చినపుడు పాత కుమ్మరి హక్కు ఏమయ్యెను? బైండ్లవాని జమిడిక కథ ఎవ్వరు వినుచున్నారు? వేపచెట్టును గొట్టి మండపము వేసిన పిదప దేవతకు నీడ యెక్కడిది? నిర్లక్ష్యముచే చచ్చు ఆచారము కొంత. బంగారుపూతచే చచ్చునది మరికొంత. రెండవది మొదటిదానికంటె మెల్లగా చంపును, గాన గుర్తింపరాదు.

భూస్వాములైన పాఠకులకు మనవి. మీ యధీనమందున్న పొలమునకు పట్టా మీ పేరనున్నది. కాని మీకు పూర్వము మీ తాత, వానికి పూర్వ మింకొకరు. ఆ పట్టాల నన్నిటిని జూచిన సాక్షి పొలిమేరరాయి. పొలము విక్రయించునపుడు దేవత నిలిచిన జాగాను, అచ్చటికి బోనములు పోవు బాటను, చెరువు శిఖమును విక్రయపత్రమునుండి వదలిపెట్టుడు, వ్రాతలో పెట్టుడు. నోటిమాట మీతో పోవును. ఆ గుడియందు సేవచేయు కులములవారి హక్కులను గుర్తించి, పండుగనాడే గాక నిత్యమును వారిని సమానులుగా జూడుడు. జోగిని పేర గాని, మంత్రగత్తె పేర గాని యెవ్వతెకైనను హాని తలపెట్టువాడు తన కులమువాడైనను వానిని చట్టమునకు అప్పగింపుడు.

పట్టణవాసులైన పాఠకులకు మనవి. మీరు కొన్న స్థలము క్రింద నొక ఊరున్నది. దాని దేవత పేరేమో, దాని చెరువు పేరేమో కనుగొనుడు. మీ బిడ్డలకు చెప్పుడు. నమ్మవలెనని యెవ్వరును మిమ్ము నిర్బంధింపరు. నమ్మనివాడు సయితము నేలకు తాను ఋణపడియున్నానని తలచినచో పోచమ్మకు చాలును.

పేగను అనగా పల్లెవాడు. ఈ మాటలో సిగ్గుపడదగిన దేమున్నది? మనలో ఎంతటి పట్టణవాసియు తాతవరకో ముత్తాతవరకో పోయినచో నొక బొడ్రాయియొద్దకు చేరును. కొత్తూరను పేరు మన కొక పాఠము చెప్పుచున్నది: ఊరు కొత్తది కావచ్చును, ఊరు కట్టు ధర్మము మాత్రము పాతది. మొదట బొడ్రాయిని నిలుపవలెను, పొలిమేర నేర్పరుపవలెను, నీటిని కాపాడవలెను, పండిన మొదటి గింజలో నొక ముద్ద నేలతల్లికి తీయవలెను. మన కళ్లయెదుట లేచుచున్న క్రొత్త నగరమునకు గోపురములు కలవు, గడియారములు కలవు, విమానములు కలవు. దానికి బొడ్రాయి యెక్కడ?